ఆప్షన్లు మార్చుకునే రోజు

మా మాస్టారు పోయారన్న కబురు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆయన దగ్గర ఇంటర్ చదువుకున్నవాళ్ళూ, ఆయన చేత పిల్లల ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ చూపించుకున్నవాళ్ళూ కలిసి పెట్టుకున్న గ్రూపు అది. చూస్తుండగానే సంతాపాలు మొదలయ్యాయి. "మాస్టారి చలవ వల్లే మా వాడికి ఈసీఈ వచ్చింది, ఓం శాంతి" అని గూడూరు నుంచి ఒకాయన. "మా పాప ర్యాంకుకి ఆ కాలేజీ రాదన్నారు అందరూ, మాస్టారు పెట్టించారు, వచ్చింది, ఆయన ఆత్మకు శాంతి కలగాలి" అని చల్లపల్లి నుంచి ఒకావిడ. ఇంకొకాయనైతే కొడుకు అలాట్‌మెంట్ ఆర్డరు ఫొటోయే పెట్టి, దాని కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. చావు కబురు కింద ఈ ర్యాంకులేమిటి, వీళ్ళకి బొత్తిగా సందర్భం తెలియదని విసుక్కుంటూ నేనూ నా సంతాపం రాశాను. కాసేపటికి మా అమ్మాయి హాస్టల్ నుంచి నాకు విడిగా మెసేజ్ పెట్టింది. "నాన్నా, అందులో నా ర్యాంకెందుకు?"

అలవాటు. మా వైపు ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళిస్తారు, తర్వాత పిల్లల ర్యాంకు అడుగుతారు. మంచినీళ్ళు మర్చిపోయిన ఇళ్ళున్నాయి గానీ రెండోది మర్చిపోయిన ఇల్లు నేను చూడలేదు.

మాస్టారు బందరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. ఉండేది గుడివాడ. పొద్దున్న పాసింజరులో వచ్చి, సాయంత్రం అదే బండిలో వెళ్ళేవారు. చేతిలో ఎండాకాలం కూడా గొడుగుండేది. చెవి మీద పెట్టుకున్న పెన్సిలు కోసం క్లాసంతా వెతికించేవారు. ఇవన్నీ చాలామంది మాస్టార్లకుండే లక్షణాలే. ఈయనకే ఉన్న లక్షణం ఒకటుంది. ఎవరి ర్యాంకు కార్డు చేతికిచ్చినా చూసేవారు కాదు. తీసుకుని బల్ల మీద బోర్లించేవారు. అది ఎగిరిపోకుండా పైన కళ్ళజోడు పెట్టేవారు. అప్పుడు, కళ్ళజోడు లేని కళ్ళతో ఎదుటివాడి వైపు చూస్తూ అడిగేవారు.

"ఏం చదవాలనుందయ్యా?"

నా ఎంసెట్ ర్యాంకు వచ్చినప్పుడు నన్నూ ఇలాగే అడిగారు. ఆ రోజుల్లో బందరు ఫోన్ నంబర్లకి ఎన్ని అంకెలుండేవో నా ర్యాంకుకీ అన్నే ఉన్నాయి. అయినా ఆయన అడిగిన ప్రశ్నకి నేను హుందాగానే జవాబు చెప్పాను.

"మీరేది చెబితే అది సార్."

"నేను చదివేశానుగా. నీకేం చదవాలనుంది?"

పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేను తలవంచుకుని గచ్చు వైపు చూశాను. అక్కడ జవాబేమీ కనబడలేదు. "ఆలోచించి చెబుతాను సార్" అన్నాను. అప్పుడాయన కార్డు తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని చూశారు. చాలాసేపే చూశారు. "ఊఁ. ఆలోచించుకోడానికి కావలసినంత టైముందయ్యా నీకు" అన్నారు. తర్వాత నేను బీఎస్సీ చదివి, పరీక్షలేవో రాసి, బందరులోనే ఒక ప్రభుత్వ ఆఫీసులో చేరి, సూపరింటెండెంటు కుర్చీ దాకా వచ్చాను. ఏం చదవాలనుందో మాత్రం ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు.

ఆయనది ఇంకో అలవాటు. తెలిసినవాళ్ళ పిల్లల రిజల్ట్స్ వస్తున్నాయంటే ముందు రోజే బందరు హల్వా పొట్లం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేవారు. వచ్చాక వెళ్ళేవారు కాదు. "వచ్చాక తీసుకెళితే అది ర్యాంకుకి పెట్టినట్టవుద్ది. నేను పిల్లకి పెడుతున్నాను" అనేవారు. ముందు రోజు ఆ హల్వా ఎవరికీ గొంతు దిగేది కాదు. ఆయన మాత్రం ఎదురుగా కూర్చుని, పిల్ల తినేదాకా కదిలేవారు కాదు.

ఇక నా సంగతి. సొంతంగా చెప్పుకోదగ్గ ర్యాంకన్నది లేనివాణ్ణి ర్యాంకుల మీద పెద్దమనిషినయ్యాను. మా బావమరిది కొడుక్కి నేను వస్తుందన్న కాలేజీయే వచ్చింది. అక్కడ పట్టుకుంది నాకు ఈ ర్యాంకుల పిచ్చి. కిందటేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచికి చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో కంప్యూటర్‌లో ఎక్కించి, రంగులు వేశాను. తప్పకుండా వచ్చేదానికి పచ్చ, ఊగిసలాడేదానికి పసుపు, రానిదానికి ఎరుపు. ఎండాకాలం వచ్చిందంటే మా వీధి అరుగు మీద చెప్పుల జతలు కనబడేవి. "ఇంటర్ మార్కులకి పాతిక శాతం వెయిటేజీ ఉంటుందండి, దాన్ని తేలిగ్గా తీసుకోకండి" అని నేను గంభీరంగా అంటే, చిలకలపూడి రోల్డుగోల్డు వ్యాపారులు కూడా కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా వినేవారు.

నా సిద్ధాంతం ఒకటే. ఆప్షన్లు పెట్టేటప్పుడు పచ్చవి పైన పెట్టాలి. రాదని తెలిసినదాన్ని పైన పెడితే ఛాన్సు పాడవుతుంది. నిజానికి కంప్యూటర్ మొదటి ఆప్షను చూసి, అది లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది చూస్తుంది. ఎంత పెద్ద కోరిక పైన పెట్టినా కిందవాటికి వచ్చే నష్టమేమీ లేదు. ఆ మాట వాళ్ళ సూచనల్లోనే రాసి ఉంటుంది. మేము సూచనలు చదవం. ఎక్కువ అడిగితే ఉన్నది కూడా ఇవ్వరన్న నమ్మకం మా రక్తంలో ఉంది. ఆఫీసుల చుట్టూ తిరిగి సంపాదించుకున్న నమ్మకం అది. ఆ ఆఫీసుల్లో ఒకదాంట్లో నేనే కూర్చుంటాను.

మా అమ్మాయి వంతు వచ్చింది. ఎంసెట్‌లో కెమిస్ట్రీ దెబ్బకొట్టింది గానీ ఇంటర్ మార్కులు కాస్త పైకి లాగాయి. మొత్తానికి మంచి ర్యాంకే, మరీ మంచిది కాదు. విజయవాడ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్సు పచ్చగా నవనవలాడుతోంది. మా అమ్మాయికి కావలసింది అది కాదు. సముద్రపు ఒడ్డున పెద్ద యూనివర్సిటీ కాలేజీలో సివిల్ కావాలిట. అది పసుపు దాటి ఎర్రబడుతోంది.

సివిల్ పిచ్చి దానికి పులిగడ్డ దగ్గర పట్టింది. మా అత్తవారిది అవనిగడ్డ. చిన్నప్పుడు దివిసీమకి వెళ్ళినప్పుడల్లా అక్విడక్టు దగ్గర ఆగాలనేది. కింద కృష్ణ పాయ, దాని మీద నుంచి అడ్డంగా కాలువ. నది మీద కాలువ ఎలా పారుతోంది, బరువెవరు మోస్తున్నారు, కారిపోదా అని అడిగేది. "పెద్దయ్యాక తెలుస్తుందమ్మా" అనేవాణ్ణి. నాకూ తెలియదు. పెద్దయ్యాక తెలుసుకుంటానని అది నిజంగానే బయలుదేరుతుందని అనుకోలేదు.

ఆప్షన్లు పెట్టే రోజు మాస్టారిని పిలిచాను. సలహాకి కాదు. నా రంగుల కాయితాలు చూసి మెచ్చుకుంటారని. ఆయన వచ్చి కాయితాలన్నీ తిరగేశారు. "రంగులు బాగున్నాయయ్యా" అన్నారు. తర్వాత వాటిని బోర్లించి, కళ్ళజోడు పెట్టారు.

"కాస్త కరివేపాకు పట్టుకురా."

"పెరట్లో ఉందండి మాస్టారూ."

"అది ముదురు. బజార్లో లేతది దొరుకుద్ది, వెళ్ళు."

యాభయ్యో పడిలో పడినా మాస్టారు వెళ్ళమంటే వెళ్ళడమే. వెళుతూ ఫోను జేబులో వేసుకున్నాను. ఆప్షన్లు సేవ్ చేయాలంటే ఓటీపీ నా ఫోనుకే వస్తుంది కాబట్టి నేను లేకుండా ఏమీ జరగదన్న ధీమా నాది. కూరల కొట్టు దగ్గర నిలబడి ఉండగా మా ఆవిడ ఫోను నుంచి అమ్మాయి.

"నాన్నా, ఓటీపీ వచ్చింది చూడు, చెప్పు. టైమైపోతోంది, త్వరగా."

టైమైపోతోందంటే నా బుర్ర పనిచెయ్యదు. బజారంతా వినబడేలా ఒక్కో అంకే అరిచి చెప్పాను. కొట్టువాడు దాన్ని కరివేపాకు ధరకి నేను ఆడుతున్న బేరమనుకుని అడ్డంగా తలూపాడు. ఇంటికొచ్చి చూసేసరికి అన్నిటికంటే పైన సివిల్. దాని కింద ఇంకో రెండు సివిళ్ళు. నా పచ్చ కంప్యూటర్ సైన్సు ఎక్కడో కింద, బస్సులో సీటు దొరకనివాడిలా నిలబడి ఉంది.

"మాస్టారూ, ఎర్రది పైన పెట్టారు. ఛాన్సు పోయింది."

"నువ్వు ఆశపడ్డావని కంప్యూటర్‌కి కోపం రాదయ్యా. ముందు ఆశ రాసుకోవాలి. భయం ఎటూ మిగులుద్ది, కింద రాసుకోవచ్చు."

అమ్మాయి మొహం వెలిగిపోతోంది. ఎదురు చెప్పలేక ఊరుకున్నాను. ఊరుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పెట్టిన ఆప్షన్లు మార్చుకోవడానికి ఆఖర్న ఒక రోజు ఇస్తారు. ఓటీపీ నా ఫోనుకే వస్తుంది.

ఆ రోజు రానే వచ్చింది. అమ్మాయీ, వాళ్ళమ్మా అవనిగడ్డ వెళ్ళారు. వెళ్ళమని చెప్పింది నేనే. ఆఫీసుకి సెలవు పెట్టి, స్నానం చేసి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పిల్ల మంచి కోసమే కదా అనుకుంటున్నాను. గేటు చప్పుడైంది. చూస్తే మాస్టారు, గొడుగు మడుస్తూ.

"ఇటువైపు పనుండి వచ్చానయ్యా" అన్నారు. వచ్చి, కంప్యూటర్ పక్కన కుర్చీ వేసుకుని, పేపరు విప్పారు.

ఎంతకీ వెళ్ళరు. హెడ్డింగులయ్యాయి, జిల్లా పేజీ అయింది, టెండరు ప్రకటనలు కూడా చదివారు. మధ్యాహ్నం మా ఆవిడ వండి పెట్టి వెళ్ళిన వంకాయ కూరా, పప్పూ ఇద్దరం తిన్నాం. మళ్ళీ వచ్చి ఆ కుర్చీలోనే కూర్చున్నారు.

"మీకు పనుందన్నారు?" అన్నాను ఆఖరికి.

"ఇదే పని. మార్చుకునే రోజున తండ్రుల్ని కనిపెట్టుకుని ఉండాలయ్యా. ప్రతి ఏడూ ఎవరో ఒకరింట్లో కూర్చుంటాను. ఈ ఏడు నీ మీదే అనుమానమొచ్చింది."

నాకు రోషం వచ్చింది. తెల్లారి లేచి తలస్నానం చేసి మరీ దొంగతనానికి కూర్చున్నవాడికి రావలసిన రోషమే అది. పిల్ల భవిష్యత్తు గురించి ఉపన్యాసం అందుకున్నాను. ఆయన పూర్తిగా విని, పేపరు పక్కన పెట్టారు.

"ఒక్కటి చెప్పు. నీ భయం ఆ సీటు రాదనా, వస్తుందనా?"

రాకపోతే ఏముంది, నా కంప్యూటర్ సైన్సు కిందే ఉంది, అదే వస్తుంది. నా భయమంతా ఆ సివిల్ నిజంగా వచ్చేస్తుందేమోనని. అరుగు మీద కూర్చున్నవాళ్ళు "మీ అమ్మాయికి సివిలా అండీ, పాపం" అంటారేమోనని. ఇన్నేళ్ళూ పిల్ల ఉద్యోగం గురించి అనుకున్న బెంగలో సగం నా అరుగు గురించేనని ఆ క్షణాన తెలిసింది. ఆ మాట ఆయనకి చెప్పలేదు. ఆయనకి చెప్పకుండా దాచిన జవాబుల్లో అదొకటి.

అప్పుడు ఆయనే చెప్పారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"మా వాడికి ఓడలంటే ఇష్టమయ్యా. ఆదివారం బందరు తీసుకొస్తే గిలకలదిండి రేవులో పడవలు కట్టే చోట పొద్దుగూకే దాకా కదిలేవాడు కాదు. ఓడలు కట్టే కోర్సుంది, నేవల్ ఆర్కిటెక్చరు. అది కావాలన్నాడు. ఊగిసలాడే ర్యాంకు. నేను కంప్యూటర్ సైన్సు పైన పెట్టాను. అందరూ అనుకున్నది రాలేదని ఏడుస్తారు. మా వాడికి మొదటి ఆప్షనే వచ్చింది. అదేనయ్యా నా బాధ."

"ఇప్పుడు బాగానే ఉన్నాడు కదండీ?"

"హైదరాబాదులో ఉద్యోగం, ఇల్లు, పిల్లలు. ఏ లోటూ లేదు. రోజూ ఫోను చేస్తాడు. మందులేసుకున్నారా, భోంచేశారా అంటాడు. ఒక్కసారి... ఒక్కసారి నన్ను తిడితే బాగుండునయ్యా. ఇన్నేళ్ళూ చూశాను. తిట్టడు. లోపలెంత దాచుకున్నాడో."

నేను కంప్యూటర్ ఆపేశాను. మాస్టారు అది ఆగేదాకా చూసి, మళ్ళీ పేపరు తీసుకున్నారు. సాయంత్రం బండి వేళకి స్టేషన్లో దింపాను. నేను ఇంటికెళ్ళి మళ్ళీ తెరవనని ఎలా నమ్మారో తెలియదు. నేను మాత్రం నన్ను నమ్మకుండా, ఫోను మా ఎదురింటివాళ్ళకిచ్చి, గడువు దాటాకే తెచ్చుకున్నాను.

మా అమ్మాయికి ఆ సివిల్ సీటే వచ్చింది. ఆ ఏడు అందరూ కంప్యూటర్లకి ఎగబడితే ఇది కాస్త కిందికి జారిందన్నమాట. నేను ఆఫీసులో అందరికీ లడ్డూలు పంచి, "నేను ముందే లెక్కవేశానండి" అన్నాను. మాస్టారు ఆ మాట విని నవ్వారని తర్వాత తెలిసింది.

అమ్మాయి రెండో ఏడులో ఉండగా ఆయన నిద్రలోనే పోయారు. పెద్దకర్మకి గుడివాడ వెళ్ళాను. భోజనాలయ్యాక షామియానా కింద వాళ్ళబ్బాయి నా పక్కన వచ్చి కూర్చున్నాడు. కర్మకి చేయించుకున్న గుండు, అలసిపోయిన మొహం. కళ్ళు అచ్చం మాస్టారివే. నా నోరు ఊరుకోదు. మాస్టారు మా ఇంట్లో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్న సంగతి కథలా చెప్పాను. అతను నవ్వాడు.

"మార్చుకునే రోజు నేను నెట్ సెంటర్‌కి వెళ్ళానండి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నా అప్పుడండి. నాన్నగారు కాలేజీకి వెళ్ళారు. పాస్‌వర్డు నా దగ్గరే ఉండేది. ఓడల కోర్సు పైకి తెద్దామనే వెళ్ళాను. తెరిచాను కూడా. చూస్తూ కూర్చుని, అలాగే మూసేసి వచ్చేశాను."

"ఎందుకని బాబూ?"

"భయమేసిందండి. అది చదివితే ఉద్యోగం రాకపోతే? నాన్నగారు పెట్టిందే ఉండనీ, రేపేమన్నా అయితే ఆయన మీదకే పోతుంది కదా అనుకున్నాను. ఆయన మీదకే పోయింది. రిజల్ట్స్ రోజులొస్తే నా వైపు అదోలా చూసేవారు, తిడతానేమోనని. నేనేమని తిడతానండి? చెబ్దాం చెబ్దామనుకుంటూనే ఉన్నాను."

మాస్టారు నాతో అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఇన్నేళ్ళూ ఆయన ఎదురుచూసింది తిట్టు కోసమని ఇతనికి చెప్పాలా, వద్దా? నేను ఏ మాటా దాచుకోలేని మనిషిని. కానీ ఆ మాట చెబితే అతను జన్మంతా మోయాలి. మింగేశాను. భుజం మీద చెయ్యి వేసి, "మాస్టారికి మీరంటే ప్రాణమండి" అన్నాను. అతను తలూపి, ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాడు. నాకు దుఃఖం ఆగలేదు. ఒకరినొకరు ఒక్క మాట అడిగి ఉంటే ఇద్దరికీ తేలికపడేది.

బందరు బస్సెక్కి కూర్చోగానే మా అమ్మాయికి ఫోను చేశాను.

"అమ్మా, ఆ సివిల్ నిజంగా నీకు ఇష్టమయ్యే పెట్టుకున్నావా? మాస్టారు ఎదురుగా ఉన్నారనో, నా మీద పంతానికో..."

"రెండో ఏడులో అడుగుతున్నావా నాన్నా?"

"అడిగాను కదా, చెప్పు."

బస్సు చప్పుడులో వినబడదేమోనని ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"ఇష్టమయ్యే పెట్టుకున్నాను. ఈ సెమిస్టర్ మెకానిక్స్ పోయేలా ఉంది. పోతే ఆ తప్పు నాదే. నీ మీదా పెట్టను, మాస్టారు తాతగారి మీదా పెట్టను. ఇంక క్లాసుంది, ఉంటాను."

ఫోను జేబులో పెట్టుకుంటుంటే కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. పక్క సీటాయన పెద్దమనిషి. "ఏమైందండీ, ఇంట్లో అంతా కులాసానా?" అన్నాడు.

"మా అమ్మాయి పరీక్ష తప్పేలా ఉందండి" అన్నాను, ఆపుకోలేక నవ్వుతూ.

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, సంచీ ఒళ్ళోకి తీసుకుని, కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు.